గుడి నిలబడినంతకాలం

“ఏటే అప్పలనర్సా! చలిమిడిలో కన్నీళ్లు కలిపీస్తన్నావేటి? అమ్మోరికి ఉప్పు చలిమిడి పెడతావా?”

ఆడపడుచు బంగారమ్మ అలా గద్దించేసరికి వంటింట్లో ఉన్న ఆడవాళ్లందరూ చేతుల్లో పని ఆపి అటు తిరిగారు. అప్పలనరసమ్మ చటుక్కున పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. “పాకం పొగ వదినా…” అని నసిగింది. పొగెక్కడిది? పాకం దించి, పొయ్యి ఆర్పి ఎంతసేపైందో! కానీ పండగ ఇంట్లో ఆడది ఏడిస్తే ఎవరికి పడుతుంది? “ఇన్నాళ్లూ సాకిన అమ్మోరు రేపు ఎల్లిపోతాది కదా, బెంగెట్టుకుంది పాపం!” అని ఒకావిడ, “ఆనందబాష్పాలే అవి!” అని మరొకావిడ తలో మాటా అనేసి మళ్లీ పనిలో పడ్డారు.

ఆనందబాష్పాలట! ఆ తల్లి గుండెల్లో ఏ నిప్పు రగులుతోందో వాళ్లలో ఒక్కరికైనా తెలిస్తే కదా! రేపు తెల్లవారితే నూకాలమ్మ కొత్తగుడి తలుపులు తెరుస్తారు. రాయపూర్ రైల్వే కాలనీలోని తెలుగువాళ్లకి అంతకంటే పెద్ద పండగ ఇంకోటి లేదు. అప్పలనరసమ్మకి మాత్రం అది పండగ కాదు, గడువు. రేపు గుడి గంట మోగిందంటే ఆమె కన్నకూతురు వరాలు ఇక ఈ జన్మలో ఈ గడప తొక్కదు!

అదేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి వాగన్ల రిపేరు షాపులో పని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. కాలనీ గేటు దాటితే హిందీ, సంతకి వెళితే ఛత్తీస్‌గఢీ, గేటు లోపల మాత్రం మన మాట, మన పులుసు, మన తగువులు! చుట్టూ నీళ్లున్న లంకలాగా ఉండేది ఆ కాలనీ. మొదట వచ్చినవాళ్లు సొంతూరి మట్టి ఇంత మూటగట్టుకొచ్చి, పెంకుల కప్పు కింద నూకాలమ్మని నిలుపుకున్నారు. జ్వరమొచ్చినా, ప్రమోషనొచ్చినా ఆ తల్లికే చెప్పుకునేవారు. ఒట్టు పెట్టాలన్నా ఆమె ముందే. కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి చెప్పిన మాటంటే అక్కడ కోర్టు తీర్పు కంటే పెద్దది.

అప్పలనరసమ్మ భర్త భీమారావు ఆ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. గుడి కమిటీకి ప్రెసిడెంటు. బుర్రమీసాలు, బండగొంతు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క బంగారమ్మే ఎత్తుకు పెంచింది. ఆవిడ “నీ పిల్లని నా కొడుక్కియ్యిరా” అని ఒక్కమాట అడగ్గానే భీమారావు వెనకా ముందూ చూడలేదు. లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు వరాలుని మేనల్లుడు అప్పారావు చేతిలో పెట్టేశాడు. ఆ అప్పారావు సంగతి ఏం చెప్పమంటారు! పగలు పేకాట, చీకటి పడితే సారా, ఆ పైన పెళ్లాం ఒళ్లు హూనం చెయ్యడం. ఓపిక ఉన్నంతకాలం పిల్ల ఓర్చుకుంది. చివరికి ఒక పొద్దున్న వాల్తేరు వైపు నుంచి వచ్చిన పాసింజరు దిగి, చేతిలో ఒక్క సంచితో, కమిలిన చెంపతో గుమ్మంలో నిలబడింది.

తల్లి కడుపులో పెట్టుకుంది. తండ్రి ఏమీ అనలేదు. కానీ వెనకాలే బంగారమ్మ దిగింది! సరిగ్గా అమ్మవారి జాతరనాడు, గుడి ముందు, జుట్టు విరబోసుకుని, కాలనీ కాలనీ వింటుండగా గుండెలు బాదుకుంది. “తల్లినై సాకినందుకు నా కొడుకు పరువు బజారున పడేసినావురా తమ్ముడా! మొగుణ్ణి ఒగ్గేసొచ్చినదాన్ని ఇంట్లో ఎట్టుకుంటే నాను ఈ గుడి మెట్ల మీదే పేణం తీసుకుంటాను!” అంది. భీమారావుకి ఒళ్లు తెలియలేదు. పదిమందిలో పరువు, పెంచిన అక్క కన్నీళ్లు… హారతి పళ్లెంలో వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో అణిచేశాడు.

“ఈ గుడి నిలబడినంతకాలం నా కూతురు నా గడప తొక్కదు! తొక్కిందా, అమ్మోరు నన్నే ఎత్తుకుపోవాలి!”

వరాలు అక్కడే ఉంది. ఇంటికి వెళ్లి, తెచ్చిన సంచే మళ్లీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మొగుడి దగ్గరికి కాదు… దేవేంద్ర నగర్‌కి. అక్కడ ఒక గది అద్దెకి తీసుకుని, కుట్టుమిషను పెట్టుకుని, ఆడవాళ్ల జాకెట్లు, స్కూలు పిల్లల బట్టలు కుడుతూ తన బతుకు తాను బతుకుతోంది. ఊరు ఒక్కటే. ఆటో ఎక్కితే అట్టే దూరం లేదు. కానీ ఆ ఒట్టు పుణ్యమా అని కూతురు వేరే దేశంలో ఉన్నట్టే అయింది.

అప్పలనరసమ్మ జాకెట్లు కుట్టించుకునే వంకతో అప్పుడప్పుడు వెళ్లి వచ్చేది. పక్కింటివాళ్లు “ఏటి పిన్నీ, ఈ వయసులో ఇన్ని జాకెట్లు!” అని మేలమాడేవారు. ఆమె నవ్వేసేది. అక్కడ మిగతా ఆడవాళ్లతోపాటు బెంచీ మీద కూర్చుని, మిషను తొక్కే కూతురి కాళ్లవైపే చూస్తూ, ఎవరూ లేనప్పుడు తల నిమిరి, ఎవరైనా వస్తే మళ్లీ జాకెట్టు మెడ గురించి మాట్లాడి… వచ్చేసేది. కన్నకూతురికి పక్కనే కూర్చుని ఇంత ముద్ద తినిపించే యోగం లేదు! పండగపూట విస్తళ్లు వేస్తూ చెయ్యి పొరపాటున ఒకటి ఎక్కువ వేసేసేది. అది తీసి పక్కన పెడుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

అలాంటిది, మూడేళ్ల కిందట పాతగుడి కప్పు కారుతోందని, కూల్చి కొత్తది కట్టాలని కమిటీ తీర్మానించింది. గుడి కడుతున్నన్నాళ్లూ అమ్మవారిని ఘటంలోకి ఆవాహన చేసి ఒక ఇంట్లో ఉంచాలి. ప్రెసిడెంటుగారి ఇల్లే తగినదన్నారు. అలా నూకాలమ్మ పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా భీమారావు ఇంటికి వచ్చింది. దేవుడి గదిలో ఘటం, దాని ముందు దీపం. తెల్లవారుజామున లేచి పసుపు రాయడం, వేడివేడిగా నైవేద్యం పెట్టడం అంతా అప్పలనరసమ్మ పనే. పెడుతున్నప్పుడల్లా ఒకటే మాట లోలోపల… “నువ్వూ ఆడపిల్లవే. నువ్వొచ్చి కూకున్నావు. నా పిల్ల బయటుంది తల్లీ…”

ఆమెకి ఇంకో ఆశ కూడా మొలిచింది. గుడి నిలబడినంతకాలం అన్నాడు కదా? ఇప్పుడు గుడి ఏది? రాళ్లగుట్ట తప్ప ఏమీ లేదు. గుడి లేనప్పుడు ఒట్టెక్కడిది! ఈ మధ్యలో పిల్ల ఒక్కసారి గడప దాటి లోపలికి వచ్చేస్తే, మళ్లీ బయటికి పొమ్మనడానికి ఏ తండ్రికీ నోరు రాదు. కానీ ఆ మాట ఆయన నోటినుంచే రావాలి. ఇవాళ అంటాడు, రేపంటాడు అని ఎదురు చూసింది. ఆయన అనలేదు సరికదా, గుడి కూల్చిన సాయంత్రం నుంచీ వీధి గుమ్మానికి అడ్డంగా ఒక కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు! పిల్ల వస్తుందేమోనని కాపలా! అప్పలనరసమ్మ ఆ కుర్చీని చూసినప్పుడల్లా కుంగిపోయేది. అడిగే ధైర్యం మాత్రం చాలలేదు. ఇటుక ఉంటే సిమెంటు లేక, సిమెంటు ఉంటే మేస్త్రీలు లేక గుడి పని ఎంత నత్తనడక నడిచినా, ఆమెకి మాత్రం గోడలు గబగబా లేచిపోతున్నట్టే ఉండేది. గుడి లేవకూడదని కోరుకునే భక్తురాలు లోకంలో ఎక్కడైనా ఉంటుందా? ఉంది. ఆ ఇంట్లోనే ఉంది…

చలిమిడి ముద్ద గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కుని, “పూలు తెస్తాను వదినా” అని చెప్పి అప్పలనరసమ్మ బయటపడింది. ఆటో ఎక్కి తిన్నగా దేవేంద్ర నగర్ వెళ్లింది.

వరాలు నేలమీద నీలం గుడ్డ పరుచుకుని స్కూలు గౌనులు కత్తిరిస్తోంది. తల్లిని చూసి కత్తెర పక్కన పెట్టింది. “అమ్మా! ఇంటినిండా మెహమాన్లని పెట్టుకుని ఇప్పుడొచ్చావేంటి?”

“నీ కోసమే. లే, బయలెల్లు.”

“ఎక్కడికి?”

“మనింటికి. రేపు గంట మోగకముందే ఒక్కసారి గడప తొక్కీయే వరాలూ! గుడి లేనప్పుడు ఒట్టు నేదు. తరవాత మరి కుదరదే తల్లీ… నీ కాళ్లట్టుకుంటాను!”

“ఛీ, అవేం మాటలమ్మా!” వరాలు తల్లి చేతులు పట్టుకుంది. కూతురి వేళ్ల చివర్లు సూదిపోట్లతో గరుకెక్కి ఉన్నాయి. “నాన్న రమ్మన్నాడా?”

అప్పలనరసమ్మ నేలమీది గుడ్డముక్కలు సర్దసాగింది.

“అన్లేదు కదా… మరి దొంగలా రమ్మంటావా? నేనేం తప్పు చేశానమ్మా? ఆ రోజు అంతమందిలో పొమ్మన్నాడు. రమ్మనే మాట ఎవ్వరూ లేనప్పుడు అన్నా చాలు నాకు. బస్, ఒక్కమాట! చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తాను!” “నాకు రావాలని లేదనుకుంటున్నావా? గుడి కొట్టేశారని తెలిసినప్పుడు నేనూ నీలాగే అనుకున్నా. మన ఇళ్ల లైను చివరిదాకా వచ్చాను కూడా. నాన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను రానివ్వకూడదనే కదా… చూసి వెనక్కి తిరిగిపోయాను. మళ్లీ ఎన్నిసార్లు వచ్చినా అదే కుర్చీ!”

“మొండిదానా… అచ్చం నీ అయ్య పోలికే!” అని తిట్టి, ఆ తిట్టుతోనే కూతురి తల గుండెలకి అదుముకుని, అప్పలనరసమ్మ ఏడ్చిన ఏడుపు ఆ గోడలకి తెలుసు. వచ్చిన దారినే ఒంటరిగా తిరిగి వెళ్లింది.

దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరింది. ఆడవాళ్లందరూ కొత్తగుడి ముందు ముగ్గులు వేయడానికి వెళ్లారు. భీమారావు పెరట్లో మామిడితోరణాలు గుచ్చుతున్నాడు. “ఎక్కడికెళ్లిపోయావే పొద్దుగూకే దాకా? పూలేవి?” అన్నాడు.

“పూలకి ఎల్లలేదు. దేవేంద్ర నగర్ ఎల్లినాను. నీ కూతురి కాడికి!”

భీమారావు చేతిలోని దారం జారిపోయింది. పెళ్లయిననాటి నుంచి ‘మీరు’ అనడం తప్ప ఎరగని నోరు, నువ్వు అంది! అంది కాబట్టి ఇక ఆగలేదు కూడా.

“రేపు గుడి లేపుతున్నావు, సంబరంగా ఉందా? నీకు గుడి కావాలి, ప్రెసిడెంటు గిరీ కావాలి, నిన్ను పెంచిన అప్ప కావాలి… కన్నకూతురు అక్కర్లేదు! మట్టికుండలో ఉన్న అమ్మోరికి మూడు పూటలా వండి పెట్టించావు నా సేత. కడుపున పుట్టిన అమ్మోరికి ఒక్కపూట అన్నం పెట్టనివ్వలేదు! పిల్ల ఏడ వచ్చీస్తాదో అని గుమ్మానికి అడ్డంగా కుర్చీ! నీది గుండెకాయా, మీ షాపులో ఇనప ముక్కా?”

భీమారావు లేచి నిలబడ్డాడు. “పిచ్చిదానా…” అన్నాడు మెల్లిగా. “ఆ గుడి ఎందుకు పడగొట్టానో నీకింతవరకూ తెలీదా?”

“ఎందుకేటి? కప్పు కారిపోతందని.”

“కప్పు కారితే కప్పు మారుస్తారు. మేస్త్రీ అదే అన్నాడు, కమిటీవాళ్లూ అదే అన్నారు. గోడలు బిల్కుల్ గట్టిగున్నాయన్నారు. నేనే వినలేదు. పునాదుల్తో సహా పీకేయాలని కూకున్నాను. మొదటి గునపం దెబ్బ ఎవరేశారు? నేనే కదే! గుడి నిలబడినంతకాలం అని నోరు జారాను. ఒట్టు తప్పలేను. అప్పకి ముఖం చూపించలేను. అందుకని గుడే పడగొట్టాను! గుడి పోతే ఒట్టు పోద్ది, నా బిడ్డ ఇంటికొచ్చేస్తాది అనుకున్నాను…”

“మరి… పిలవలేదేటండీ?”

“నువ్వు పిలుస్తావనుకున్నాను. తల్లివి కదా! జాకెట్ల కోసం వెళ్తుంటావని నాకు తెలీదనుకున్నావా? ఇవాళ తీసుకొస్తాది, రేపు తీసుకొస్తాది అని ఆ కుర్చీ గుమ్మంలో వేసుకుని కూర్చున్నాను. అది రాగానే మొదట నేనే చూడాలని… ఒక్కరోజు కూడా ఆ కుర్చీ తియ్యలేదే!”

అయ్యో! వినండి తల్లుల్లారా ఈ ఘోరం! కూతురు కోసం ఎదురుచూపులకి వేసిన కుర్చీ అది! దాన్ని చూసి తల్లి కాపలా అనుకుంది. కూతురు అడ్డుగోడ అనుకుంది. ఆయన పిలుస్తాడని ఆమె, ఆమె పిలుస్తుందని ఆయన… ఒకే కప్పు కింద, ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉండి, ఒక్కమాట నోరు తెరిచి అనుకోలేక మూడేళ్లు మట్టిపాలు చేసుకున్నారు! అప్పలనరసమ్మ తోరణాల మధ్య కూలబడి తల బాదుకుంది. “ఎల్లండి… ఇప్పుడే ఎల్లి తీసుకురండి” అంటే భీమారావు తల అడ్డంగా ఊపాడు. “ఏ ముఖం పెట్టుకుని వెళ్లనే…” అన్నాడు. ఆ తరవాత ఎంత బతిమాలినా తోరణాలు గుచ్చుతూనే ఉన్నాడు.

తెల్లవారింది. సన్నాయి, డప్పులు, పులివేషాలు! కాలనీ అంతా పసుపు చీరలతో గుమ్మం ముందు కిక్కిరిసింది. ఘటం ఎత్తే వేళయింది. పూజారి పాపయ్య వేపమండలు చేతపట్టుకుని లోపలికి వచ్చాడు. “పెసిడెంటు గారేరీ?”

ప్రెసిడెంటు గారు లేరు! గోడకి ఆనించిన సైకిలూ లేదు.

అప్పలనరసమ్మ గుండె గంతులేసింది. వెళ్లారు… వెళ్లారు! “పాపయ్యన్నా, కాసేపాగు. నీకు పుణ్యముంటాది. ఆయన పిల్లని తేడానికి ఎల్లినారు. అది గడప తొక్కాక ఘటం ఎత్తు!”

జనంలో గుసగుసలు బయలుదేరాయి. “మరి ఒట్టు?” అన్నారెవరో. అందరి చూపులూ బంగారమ్మ మీదకి తిరిగాయి. పండక్కని నాలుగు రోజుల ముందే దిగిన ఆవిడ ఇంతవరకూ దేవుడి గది గుమ్మంలో మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఇప్పుడు నోరు చేసుకుంటుందని అందరూ ఎదురుచూశారు. బంగారమ్మ లేచింది. ఏమనుకుందో ఏమో, చీర చెంగు తొలగించి భుజం చూపించింది. అక్కడ నల్లగా ఇంత మచ్చ.

“నా కొడుకు సేసిన పని ఇది. కన్నతల్లిని కూడా ఒగ్గలేదు! నానూ సంచట్టుకుని పారిపోయే వచ్చినాను. పండక్కని అబద్దమాడినాను.” “నన్ను మాత్రం ఎవులూ గడప బయట నిలబెట్టలేదు. నా తమ్ముడు కాళ్లకి నీళ్లిచ్చినాడు. నా మరదలు కంచంలో అన్నమెట్టింది… ఆ వరాలు గుంటని గెంటించిన నాకు! ఆగు పాపయ్యా, ఆ పిల్ల రానీ.”

అప్పలనరసమ్మ వదిన భుజం మీద చెంగు కప్పి, తనూ కళ్లు తుడుచుకుంది. పాపయ్య కూడా చాలాసేపే ఆగాడు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. చివరికి ఆయనే చేతులు జోడించాడు. “అమ్మా, నా సేతిలో ఏటుంది? ముహూర్తం దాటితే అమ్మోరు ఏడాదిపాటు మళ్లీ ఇంట్లోనే ఉండిపోవాల. కాలనీ ఒప్పుకోదు.” అది నిజమే. ఎంతమంది కష్టం ఆ గుడి! అప్పలనరసమ్మ కళ్లు మూసుకుని, ఘటానికి కొత్త చీర చుట్టి, పసుపు కుంకుమలు పెట్టి, చలిమిడి గిన్నె పక్కన పెట్టింది. సాగనంపే తల్లి ఇంటి గేటు దాకానే రావాలి, వెంట వెళ్లకూడదని వాళ్ల ఆచారం. గేటు దగ్గర నిలబడింది. డప్పులు దూరమయ్యాయి. వీధిలో ఒక్క మనిషి లేడు. మోకాళ్ల నొప్పులని బంగారమ్మ మాత్రం అరుగు మీద మిగిలింది.

అప్పలనరసమ్మ వీధి చివరికే చూస్తోంది. ఒక్క సైకిలు… ఒక్క సైకిలు మలుపు తిరిగితే చాలు తల్లీ…

గంట మోగింది! కొత్తగుడి కొత్త గంట, కాలనీ దద్దరిల్లేలా! “జై నూకాలమ్మ తల్లికీ!” అని వందల గొంతులు. అందరికీ పండగ మొదలైన ఆ నిమిషంలో అప్పలనరసమ్మ గేటు ఊచలు పట్టుకుని అలాగే జారిపోయింది. అయిపోయింది. గుడి నిలబడింది…

మలుపు దగ్గర సైకిలు కనబడింది అప్పుడే! భీమారావు తొక్కడం లేదు. నడిపించుకుని వస్తున్నాడు. పక్కన వరాలు… కాళ్లకి చెప్పుల్లేవు.

“తెల్లారకముందే వెళ్లానే…” అన్నాడు భీమారావు రొప్పుతూ. “దాని గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు కొట్టడానికి చెయ్యి లేవలేదు. అదే తలుపు తీసి చూసేదాకా అక్కడే నిలబడిపోయాను. దాన్ని చూశాక మాటకి బదులు ఏడుపే వచ్చింది. ‘రా తల్లీ’ అనేసరికి ఇంత ఎండెక్కిపోయింది.”

వరాలు గేటు బయటే ఆగిపోయింది. “గంట విన్నానమ్మా. రమ్మన్నాడు… నాన్న నన్ను రమ్మన్నాడు, నాకది చాలు. గుడి నిలబడిపోయింది. ఇప్పుడు నేను గడప తొక్కితే నాన్నకి ఏమైనా అవుతుంది. నేను వెళ్లిపోతాను.”

“అయితే అవనీ!” అన్నాడు భీమారావు. “ఒట్టు నాది, పాపం నాది. అమ్మోరు ఎత్తుకుపోతే నన్నే ఎత్తుకుపోతాది. నువ్వు లోపలికి నడు!”

“వద్దు నాన్నా! అమ్మ ఏమైపోతుంది? నేను రాను!” వరాలు వెనక్కి అడుగు వేసింది.

ఇద్దరూ అప్పలనరసమ్మ వైపు చూశారు. ఒకపక్క తాళి కట్టిన మొగుడు. ఒకపక్క కడుపున పుట్టిన బిడ్డ. మెడలో పసుపుతాడు మీదకి ఆమె చెయ్యి దానంతటదే వెళ్లింది. ఇన్నేళ్లూ తనకోసం ఎవరో ఒకరు నిర్ణయించేవారు. ఒట్టు ఆయన వేశాడు, గుడి ఆయన కూల్చాడు, మాట ఆయన అనాలని ఆమె కూర్చుంది. ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

అప్పలనరసమ్మ లేచి నిలబడింది. కూతురి ముంజేయి పట్టుకుంది.

“మూడేళ్లు ఆ తల్లికి నా సేత్తో వండి పెట్టినానే. ఆమెకేది ఇష్టమో, ఏది కాదో నాకు తెల్సు. ఇంటికొచ్చిన ఆడపిల్లకి ఇంత కూడు పెట్టినందుకు నా పసుపుకుంకాలు పట్టుకుపోయే తల్లి కాదు నాను ఎరిగిన నూకాలమ్మ! ఒకవేళ పట్టుకుపోతే… నాను ఎల్లి ఆ గుళ్లోనే ఆమెని అడుగుతాను. నువ్వు రా!”

లాగింది. గేటు దాటించి, అరుగు ఎక్కించింది. వరాలు కాలు గడప మీద పడింది. ఇటు పడింది. లోపలికి వచ్చేసింది!

బంగారమ్మ అరుగు మీంచి లేచి, మాట్లాడకుండా చెంబుతో నీళ్లు తెచ్చి మేనకోడలి కాళ్లు కడగబోయింది. వరాలు “అత్తా, వద్దు!” అని చేతులు అడ్డం పెట్టింది. ఆ చేతుల్ని పట్టుకుని ఆవిడ ముఖానికి ఆనించుకుంది. “నేను ఇక్కడే ఉండిపోను నాన్నా. నా దుకాన్ ఉంది, నా గది ఉంది” అంది వరాలు కాసేపటికి. “కానీ వస్తుంటాను. అత్తని కూడా నా దగ్గరికి తీసుకెళ్తాను, కొన్నాళ్లుంటుంది.” అప్పలనరసమ్మ గుండెలో ఏదో కలుక్కుమంది. పిల్ల ఇక తనతోనే ఉండిపోతుందని ఎక్కడో ఆశ… కానీ మరి అడగలేదు. వస్తుంటానంది. అదే పదివేలు.

విస్తరి వేసి, వేడి అన్నం, పప్పు, ఇంత నెయ్యి వడ్డించింది. మొదటి ముద్ద తనే కలిపి కూతురి నోట్లో పెట్టింది. వరాలు నములుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది.

కొత్తగుడి దగ్గర మైకులో పిలుస్తున్నారు. “కమిటీ ప్రెసిడెంటు భీమారావు గారు ఎక్కడున్నా వెంటనే గుడి దగ్గరికి రావలెను! మొదటి కొబ్బరికాయ వారి చేతులమీదుగానే కొట్టవలెను!” మళ్లీ పిలిచారు. హిందీలో కూడా పిలిచారు.

ఆ పిలుపు భీమారావుకి వినబడుతూనే ఉంది. ఆయన విస్తరి పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని, విసనకర్రతో కూతురికి విసురుతున్నాడు. కదల్లేదు.

“ఇంకొంచెం పప్పు వెయ్యవే దానికి” అన్నాడు భార్యతో.